ఓడిన జట్టుకి గోల్‌కీపర్

నా చిన్నప్పుడు అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో మా కింది ఫ్లాట్‌లో ఒక ఐరిష్ అంకుల్ ఉండేవారు. వాళ్ళ దేశంలో హర్లింగ్ అని ఒక ఆట ఉంది. చూడ్డానికి హాకీలాగే ఉంటుంది కానీ బంతి తలమీంచి పోతుంది, కర్ర ముఖం మీదికొస్తుంది. ఆయన తన కౌంటీ, అంటే మన జిల్లాలాంటిది, దాని జట్టుకి ఏళ్ళతరబడి గోల్‌కీపర్. ఆట మానేశాక అమెరికా వచ్చి, ఆదివారాలు పార్కులో పిల్లలకి నేర్పేవారు. నేనూ చేరాను. నన్ను గోల్‌లో నిలబెట్టారు. ఆడపిల్లనని జాలిపడి కాదు, బంతి మీదికొస్తున్నా కళ్ళు మూసుకోనని.

మా నాన్న ఒప్పుకున్న కారణం వేరు. కాలేజీ అప్లికేషన్‌లో ఏదో ఒక స్పోర్ట్ ఉండాలని ఆఫీసులో ఎవరో చెప్పారట. అందరూ ఆడే సాకర్ కన్నా ఎవరూ పేరు వినని ఆటైతే ఇంకా గట్టిదని ఆయన నమ్మకం. ఇలాంటి లెక్కలకి మావాళ్ళు పెట్టింది పేరు.

మొదటి మ్యాచ్ పక్క ఊరి ఐరిష్ పిల్లలతో. నడక నేర్చిన దగ్గర్నుంచీ కర్ర పట్టినవాళ్ళు, సగం ఆటకే మమ్మల్ని ఉతికి ఆరేశారు. ఒక బంతి తగిలి నా మోకాలి కింద బొప్పి కట్టింది. ఇంకోటి ఆపబోతే కర్ర చివర పగిలింది. విరామం ఇవ్వగానే నాన్న మడత కుర్చీ చంకలో పెట్టుకుని వచ్చేశారు.

"పదమ్మా, ఇంటికెళ్దాం. ఎలాగూ ఓడిపోయేదానికి దెబ్బలు తినడం ఎందుకు? టెన్నిస్‌లో జాయిన్ చేస్తాలే," అన్నారు.

అసలే నాకు ముక్కు మీద కోపం. ఏడుపూ దానికి తోడైంది. ఇప్పుడు వెళ్తే నాన్న మళ్ళీ ఈ గోల్‌లోకి రానివ్వరని నాకు తెలుసు. అంకుల్ ఉండమంటారేమోనని ఆయన వైపు చూశాను. ఆయన సంచిలోంచి సన్నటి రేకు, చిన్న మేకులు తీసి నా కర్ర పగులుకి పట్టీ వేస్తూ కూర్చున్నారు. ఆ ఆటలో పగిలిన కర్రని అంత తేలిగ్గా పారెయ్యరు.

నాన్న ఊరుకోలేక, ఇన్నేళ్ళు ఆడారు కదా, ఏం గెలిచారని మర్యాదగానే అడిగారు. ఏమీ లేదన్నారు అంకుల్. కప్పు లేదు, మెడల్ లేదు. జీతమైతే ఆ ఆటలో ఎవరికీ ఉండదట. ఆదివారం దెబ్బలు తిని సోమవారం పనికి పోవడమే. బాగా గెలిచే కౌంటీ వాళ్ళొకరు ఉద్యోగం చూపిస్తాం, మా జట్టుకి రమ్మన్నారట. నేను పుట్టింది అక్కడ కాదు కదా అని ఈయన వెళ్ళలేదట. ఆఖరి మ్యాచ్‌లో ఓటమి ఖాయమై జనం కార్ల వైపు నడుస్తుంటే, వేలు విరిగింది, ఇక బయటికి వచ్చెయ్యమని జట్టు పెద్దలు సైగ చేశారట. ఈయన చూడనట్టే నిలబడ్డారట.

"మ్యాచ్ పోయింది. ఆ తర్వాత వచ్చిన బంతి మాత్రం లోపలికి పోలేదు," అన్నారు.

అని, పట్టీ వేసిన కర్రని నాకు కాదు, నాన్న చేతికిచ్చారు. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన ఇచ్చేదాకా ఆగే ఓపిక నాకెక్కడిది? లాక్కుని కుంటుకుంటూ గోల్‌లోకి పోయాను. నాన్న మాట కాదనడం అదే మొదలు.

మొదటి బంతి నన్ను దాటి దూసుకుపోయింది. రెండోదీ అంతే. అవతలి పిల్లలు నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఆ తర్వాతది కర్రకి తగిలి పక్కకి పోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గీత అవతల నుంచి మా నాన్న గొంతు మాత్రం తెలుగులో పార్కంతా వినబడింది.

"కదలకు! అక్కడే ఉండు!"

చిత్తుగా ఓడిపోయాం.

ఇప్పుడు నాకూ తల నెరుస్తోంది. ఇది నీవల్ల కాదు, మర్యాదగా తప్పుకో అని ఆఫీసులో చెప్పినవాళ్ళున్నారు, ఇంట్లో చెప్పినవాళ్ళూ ఉన్నారు. కొన్నిసార్లు వాళ్ళ మాటే నిజమైంది, ఓడిపోయాను. ఓడిపోతానని ముందే తెలిసినంత మాత్రాన గోల్ ఖాళీ చేసి ఇవ్వాలని ఎక్కడుంది? గెలిచేవాళ్ళు గెలవనీ. నన్ను దాటే గెలవాలి.