పిట్టలు పోయిన్రు

మొన్న ఫాల్గుణంలో మా పెద్దబిడ్డ జహీరాబాద్ దవాఖానలో చనిపోయింది. కామెర్లు. ఆ సంగతి తెలియని వాళ్ళు ఇంకా దానితో కుట్టించుకుందామని జాకెట్ గుడ్డలు పట్టుకొని మా గుమ్మంలోకి వస్తున్నారు. ప్రతిసారీ చెప్పడానికి నోరు రావడం లేదు, అందుకే రాస్తున్నాను.

కోహీర్ దారిలో మాకు జొన్నచేను ఉంది. చలికాలం గులాబిరంగు గోరింకలు గుంపులుగా దిగుతాయి. డెబ్బైల్లో అది చిన్నపిల్ల. పిట్టలను తోలమని మంచె ఎక్కించేదాన్ని. ఒకరోజు వెళ్లి చూస్తే సగం కంకులు ఖాళీ. వడిసెల దాని ఒళ్ళోనే ఉంది.

“ఏమే, నిద్రపోయినవా?”

“లేదమ్మా. వాళ్ళు తింటుంటె చూస్తున్న.”

“పిట్టలు మనుషులా ఏందే? అవి అనాలె.”

“ఎండలు ముదిరితే దేశాలు దాటి పోతరంట, మా సారు చెప్పిండు. అంత దూరం పోయెటోళ్ళను అవి అంటరా?”

కన్నబిడ్డను నేను ‘అది’ అంటాను. అది పిట్టలను ‘వాళ్ళు’ అనేది.

పెద్దయి కుట్టుమిషన్ పెట్టుకున్నా ఆ మాట మారలేదు. కోతలయ్యాక పిట్టలు గట్టుమీది మోదుగుపూల తేనె తాగుతూ ఉంటాయి. పూలు రాలాక ఒకనాడు అన్నీ కలిసి ఉత్తరానికి లేచిపోతాయి. ఆ రోజు తప్పిపోకూడదని రోజూ పొద్దున్నే చేనుకు పోయేది. చివరికి ఒకనాడు గడపలోంచే కేకేసేది, “పోయిన్రమ్మా!”

“పోయినయి,” అని దిద్దేదాన్ని.

“నీకు జర గూడ మర్యాద తెల్వదమ్మా,” అని నవ్వేది.

దవాఖానలో చివరి పొద్దున అడిగింది, “అమ్మా, పిట్టలు ఉన్నరా, పోయిన్రా?”

పది రోజులుగా నేను చేను ముఖం చూడలేదు. “ఉన్నరు బిడ్డా. నీ కోసమే ఆగిన్రు,” అన్నాను.

“ఇగో, నువ్వు గూడ ‘ఉన్నరు’ అన్నవ్,” అంది. పసుపెక్కిన కళ్ళతో నవ్వింది. మధ్యాహ్నానికి లేదు.

బిడ్డకు అబద్ధం చెప్పి పంపానేమోనని దినాలు అయ్యేదాకా మనసు తొలిచేసింది. దినాలైన మర్నాడు ఒక్కదాన్నే చేనుకు పోయాను. మోదుగుల కింద నేలంతా పూలు. పైన కొమ్మకొమ్మకూ వాళ్ళే, గోల గోలగా. గట్టుమీద కూలబడి ఏడ్చాను.

ఆ తర్వాత రోజూ పోయాను, దాని బదులు. ఐదో పొద్దున ఒక్కసారిగా లేచారు. కోసిన చేను మీద ఒక చుట్టు తిరిగి ఉత్తరానికి సాగారు.

“పోయిన్రు బిడ్డా,” అన్నాను పైకే.

కొమ్మలు మాత్రం ఇంకా ఊగుతున్నాయి.