సక్కర చేపల ముంత

ఆ రోజుల్లో నాకు తెలియందంటూ ఏమీ లేదు. ఫోన్లో రెండు వీడియోలు చూస్తే చాలు, మూడోది నేనే తీసి లోకానికి పాఠం చెప్పేయొచ్చు అనుకునేదాన్ని. ఆ తెలివితోనే డిగ్రీ అయిపోయినాక కుట్టుపని మొదలుపెట్టి జాకెట్టు చేతుల దగ్గర ఆపేశాను. బ్యూటీషియన్ కోర్సులో చేరి ఒక పెళ్ళికూతురి కనుబొమ్మ దగ్గర ఆపేశాను (ఒకటే కనుబొమ్మ, రెండోదానికి ఆ పిల్ల నన్ను దగ్గరికి రానియ్యలేదు). ధర్మవరంలో మా వీధంతా నన్ను 'సగం పాప' అనేది. ఆ పేరు పెట్టింది మా అవ్వ కాబట్టి సరిపోయింది, ఇంకెవరైనా అయ్యుంటే ఊరుకునేదాన్నా!

అప్పుడే హిందూపురంలో రంగు చేపలమ్మే భాయ్ తన షాపులో పనికి మనిషి కావాలంటే పోయాను. "చేపల గురించి ఏం తెలుసమ్మా?" అన్నాడు. "అన్నీ తెలుసు భాయ్" అన్నాను. ఆయన నవ్వకుండా, మూతికి మీసాలున్న నల్లటి చేపనొకదాన్ని, మీసాల్లేని దాన్నొకదాన్ని నీళ్ళ కవర్లో వేసిచ్చాడు. "సక్కర్ చేపలమ్మా ఇవి, జెల్ల జాతి. అద్దానికి అతుక్కోని పాచి తింటాయి. మీసాలుండేది మగది. నెలలోపల వీటికి పిల్లలు పుట్టిస్తే, ఆ పొద్దే వచ్చి పనిలో చేరు." సోమందేపల్లి, పెనుకొండ దాటి ఇల్లు చేరేదాకా ఆ కవరును ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటావిడ "పులుసుకామ్మా?" అని రెండుసార్లు అడిగింది.

ఇంట్లో చేపల్ని అద్దాల తొట్టిలో వదులుతుంటే, మా నాయన మగ్గం గుంతలోంచి తలెత్తి చూసి, "నెల దినాలు చూస్తా. ఇది కూడా సగంలో వదిలినావంటే తొట్టి ఎత్తేసి గార్మెంట్సు ఫ్యాక్టరీకి పోతావు. చెప్తాండా," అన్నాడు. మా నాయన మాట అంటే అంతే, మళ్ళీ అనడు. ఈసారి సగం కాకూడదని గట్టిగా అనుకున్నాను.

ఈ చేపలు గుడ్లు పెట్టాలంటే చీకటిగా, ఇరుకుగా ఒక గూడు కావాలి. మగచేప దాన్ని చూసి మెచ్చి, శుభ్రం చేసుకుంటేనే కాపురం. నేనేమన్నా తక్కువదాన్నా! కడప బండ ముక్కలు పేర్చి ఒక గుహ కట్టాను. టెంకాయ చిప్పకు వాకిలి కోసి బోర్లించాను. ప్లంబర్ వదిలేసిపోయిన పైపు ముక్కకు ఒక పక్క మూసి మూడోది పెట్టాను. మూడు ఇళ్ళు! ఆ మహానుభావుడు మూడింటి ముందూ తిరిగి, మీసాలు ఆడించి, వచ్చి అద్దానికి అతుక్కున్నాడు. ఇరవై దినాలు అట్లే అతుక్కుని ఉన్నాడు. నేను ఆ గూళ్ళను అటు జరిపి ఇటు జరిపి, చేపతో గొడవ కూడా పెట్టుకున్నాను.

ఇరవై ఒకటో దినం పొద్దున చూద్దును గదా, తొట్టి నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలాగా తెల్లగా ఉన్నాయి. రెండు చేపలూ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. తొట్టి అడుగున మా అవ్వ మట్టి ముంత!

"అవ్వా! ఏం చేసినావు?"

"సక్కర వేసినా మే. నువ్వే గదా సక్కర చేపలంటివి? ఇరవై దినాల్నుంచి పాచి తప్ప ఏమన్నా పెడితివా వాటికి? నీళ్ళలో చెదిరిపోకుండా నిన్న పొద్దున ముంతలో పోసి దించినా."

"అయ్యో, నా చేపల్ని చంపేసినావు గదే ముసలీ!" అని అరిచేశాను. అవ్వ ముఖం చిన్నబోయింది. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. నేను ఏడుస్తూ నీళ్ళు తోడేస్తుంటే, వంటింట్లోని తాగే నీళ్ళ కడవలు మూడూ ఒక్కోటే అవ్వే తెచ్చి అందించింది. ఆ చల్లటి నీళ్ళు పోసి, చేపలు బతికితే చాలు దేవుడా అని కూలబడ్డాను. ముంత తీయాలన్న ధ్యాసే లేదు.

మూడో దినానికి మగచేప కనిపించలేదు. చచ్చిందనుకుని వెతికితే, ముంతలో ఉంది! నా మూడు ఇళ్ళనూ కాదని మా అవ్వ ముంతలో దూరి, సగ్గుబియ్యానికి పసుపు పట్టించినట్టున్న గుడ్ల కుప్ప మీద రెక్కలు ఆడిస్తోంది. కేకలేయాలనుకున్నదాన్ని, గుడిలో మాదిరి నోరు మూసుకుని నిలబడ్డాను.

నాయన కూడా వచ్చి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి చూశాడు.

"తల్లి యాడికి పోయింది?"

"గుడ్లు పెట్టి పోయింది నాయనా. ఇంక కాపలా అంతా నాయనదే."

"ఆ రెక్కలు నిలపదా?"

"నిలిపితే గుడ్లు చెడిపోతాయి."

"తిండి?"

"దాదాపు తినదు."

నాయన పోయి మగ్గం గుంతలో దిగాడు. నడుము దాకా గుంతలో, కాళ్ళు తొక్కుతూ, చేతులు ఆడిస్తూ. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. కానీ నాయన్ని చూసి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరగడం అదే మొదటిసారి.

ఇంకో మూడు దినాల్లో నెల నిండుతుందనగా ముంత మూతి దగ్గర ఈగ తలంతేసి పిల్లలు కదిలాయి. నాయన గడువు మాట ఎత్తలేదు. తొట్టి మీద ఎండ పడకుండా పాత పంచె కట్టాడు. అవ్వ వీధి వీధంతా తిరిగి, "నా సక్కర మహిమ!" అని చెప్పుకుంది. చల్లనీళ్ళు పోస్తే వాటికి వానొచ్చినట్టని, అందుకే గుడ్లు పెట్టాయని భాయ్ నాకు చెప్పాడు. ఆ మాట అవ్వకు చెప్పి గెలవాలని నోరు తెరిచాను. నాయన తలడ్డంగా ఊపాడు. మూసుకున్నాను. నేను సగంలో ఆపి మంచిపని చేసింది ఆ ఒక్క మాటనే.

అవ్వ పోయి రెండేళ్ళవుతోంది. ఇప్పుడు హిందూపురం షాపులో చేప పిల్లల పనంతా నాదే. గుట్టేమిటని ఎవరైనా అడిగితే మట్టి ముంత, చల్లనీళ్ళు అని చెబుతాను, అన్నీ తెలిసినదాన్ని గదా. కానీ కొత్త ముంతను నీళ్ళలోకి దించే ప్రతిసారీ, భాయ్ అటు తిరిగినప్పుడు, చిటికెడు సక్కర తీసుకుంటాను. చేపలకు పడదు కాబట్టి నా నోట్లోనే వేసుకుంటాను.