బుజ్జి వినని సగం

మొన్న ఆదివారం జమ్మలమడుగు చర్చిలో పాత పుస్తకాల బీరువా తెరవగానే ఎండిన వేపాకు వాసన కొట్టింది. చిన్నప్పుడు ఆ బీరువాలోంచి మాకు పుస్తకాలిచ్చే కరుణమ్మ టీచరు పురుగు పట్టకుండా ప్రతి పుస్తకంలోనూ వేపాకు పెట్టేది. పుస్తకం తిరిగిచ్చేవాళ్లే తర్వాత ఎవరు చదవాలో చెప్పాలి. ఆ పేరు ఆమె చివరి పేజీలో రాసుకునేది.

మూడో తరగతిలో ఒక పుస్తకం చదివాను. అందులో ఒక పిల్ల ప్రార్థన చేసి చేసి తన కుంటి మేకను నడిపిస్తుంది.

"ఇది ఇంక ఎవురికియ్యాల పాపా?" అంది టీచరు.

"మా దూడ బుజ్జికి టీచర్. జబ్బు చేసి లెయ్యకుండా పడుండాది. ఇది వింటే లేస్తాది."

ఆమె నవ్వలేదు. "అయితే నువ్వే చదివి వినిపియ్యి పో," అంది.

కొట్టంలో బుజ్జి పక్కన కూర్చుని కూడబలుక్కుంటూ చదివాను. మేక లేచే పేజీ రాకముందే బుజ్జి కన్ను మూసింది.

"బిరీన చదివింటే బతికేది టీచర్," అని ఏడుస్తూ పుస్తకం తిరిగిచ్చాను. ఆమె నన్ను దగ్గరికి తీసుకుని, చివరి పేజీలో ఏదో రాసింది. నా తప్పే రాసిందనుకుని మళ్లీ ఆ పుస్తకం ముట్టలేదు.

మొన్న దాన్ని తెరిచాను. నా పేరు కింద టీచరు గుండ్రటి అక్షరాలు: "బుజ్జి. సగం వరకు వినింది."

ఇన్నాళ్లకు చూశానని చెబుదామంటే టీచరు ఇప్పుడు బతికి లేదు. మిగిలిన సగం అక్కడే నిలబడి గట్టిగా చదివాను.