ఇరజ్‌కు చెప్పని చావు

శాంటా క్లారాలో కృష్ణమూర్తి చేతిపని చూసినవాళ్లెవరూ ఆ మనిషి అంత పెద్ద తప్పు చేస్తాడని అనుకోరు. కంప్యూటర్ చిప్పుల నమూనాలను బల్లంత ఎర్ర ఫిల్మ్ మీద సన్నని కత్తితో కోయడం ఆయన ఉద్యోగం. వెంట్రుకవాసి పక్కకు పోతే నెలల పని బుగ్గిపాలు. పదకొండేళ్లలో ఒక్క గీత తప్పలేదు. తప్పింది నోరు.

ఆయనది జనగామ పక్క పల్లె. నిజాం రాజ్యం పోయేనాటికి పదేళ్లవాడు. దొర గడీ ముందు నుంచి చెప్పులు చేత పట్టుకుని నడిచే తండ్రిని కళ్లారా చూసినవాడు. అందుకే పై అంతస్తులోకి ఇరజ్ అనే ఇరానీ విద్యార్థి అద్దెకు వచ్చి తమ రాజు షా సంగతులు చెబుతుంటే మూర్తికి అవి పరాయి దేశపు ముచ్చట్లలా వినిపించలేదు.

ఇరజ్‌కు ఫోన్ లేదు. ఇంటినుంచి కాల్ వస్తే కింద మూర్తి ఇంటికే రావాలి. అలా వచ్చి వచ్చి, మూర్తి భార్య సుమతి చేసే పప్పుచారుకు మరిగాడు. ఆమెను 'సుమతీ ఖానుమ్' అనేవాడు. ఖానుమ్ అంటే వాళ్లలో అమ్మగారని అర్థమట. "అన్నం పెడితే ఎన్ని బిరుదులన్నా ఇస్తడు ఈ పిలగాడు," అని సుమతి మురిసిపోయేది.

తింటూ చెప్పేవాడు. చమురు ధర పెరిగి దేశంలోకి డబ్బు వరదలా వచ్చింది. పల్లెలు ఖాళీ అయి టెహ్రాన్ దక్షిణాన మురికివాడలు పెరిగాయి. ధరలు మండితే ఆ నేరం దుకాణదారుల మీద పెట్టి, తబ్రీజ్ బజారులో బట్టలమ్ముకునే వాళ్ల నాన్నను మూడు నెలలు జైల్లో వేశారు. దేశమంతటికీ ఒకటే పార్టీ. చేరనివాళ్లు పాస్‌పోర్ట్ తీసుకుని పోవచ్చన్నారు. ఒకరోజు పొద్దున లేచేసరికి క్యాలెండర్ కూడా మార్చేశారు, ప్రవక్త కాలం నుంచి కాక పాత చక్రవర్తుల కాలం నుంచి లెక్కబెట్టారు, ఏడాది సంఖ్య రాత్రికి రాత్రి వెయ్యేళ్లు పైబడి ముందుకు జరిగింది. "మా నాన్న భరించలేకపోయింది జైలు కాదు, ఆ క్యాలెండరే," అనేవాడు ఇరజ్.

శాన్ ఫ్రాన్సిస్కోలో ఊరేగింపులకు వెళ్లేటప్పుడు అతనూ మిత్రులూ ముఖానికి కాగితం ముసుగు తొడుక్కునేవారు. షా గూఢచారులు ఫొటోలు తీస్తారని భయం. మూర్తికి అదంతా పగటివేషంలా ఉండేది.

"మూతికి సంచి కట్టుకుని విప్లవమా? మా దిక్కు దొంగలు గూడ ముఖం చూపిస్తరు," అని ఒకనాడు ఎగతాళి చేశాడు.

"మీ దొంగలకు తబ్రీజ్‌లో తమ్ముడు లేడు కదా, మిస్టర్ మూర్తీ," అన్నాడు ఇరజ్.

1977 చలికాలంలో పోలీసులు బాష్పవాయువు వదిలినప్పుడు అతని ముసుగు ఊడిపోయింది. కారులోంచి ఎవడో ఫొటో తీశాడు. ఇక ఇంటికి వెళ్లే దారి మూసుకుపోయిందని అతనే చెప్పాడు. వాళ్ల మిత్రుల్లో ఎవరికి అక్కడ మనిషి పోయినా ఎవరూ బయల్దేరరు. చచ్చినవాళ్ల కోసం వెళితే ఇంకొకణ్ణి అప్పజెప్పినట్టేననేవారు. వాళ్లలో దినంలాంటి నలభయ్యో రోజున ఇక్కడే కలిసి ఏడ్చేవారు.

జనవరిలో అక్కడి పత్రిక ఒకటి, దేశం నుంచి వెళ్లగొట్టబడ్డ మతగురువును తిడుతూ రాసింది. కోమ్ నగరంలో జనం వీధుల్లోకి వస్తే పోలీసులు కాల్చారు. పోయినవాళ్ల నలభయ్యో రోజున తబ్రీజ్‌లో మసీదు తలుపులు మూయించారు. అక్కడా జనం తిరగబడ్డారు. అక్కడా కాల్చారు. అది శనివారం. సోమవారం మూర్తికి సెలవు. ఫోన్ మోగితే ఆయనే ఎత్తాడు. టెహ్రాన్ నుంచి ఇరజ్ మేనమామ, తడబడే ఇంగ్లీషులో.

"నాదర్ పోయాడు. కాల్చేశారు. పూడ్చేశాం. ఇరజ్‌ను రావద్దని చెప్పండి. రావద్దని."

లైన్ తెగిపోయింది.

నాదర్ ఇరజ్ తమ్ముడు. మూర్తి రిసీవర్ పెట్టేశాడు. తన తండ్రి పోయినప్పుడు వరంగల్ హాస్టల్‌కు వచ్చిన చిన్నాయన, 'కొంచెం నలతగ ఉన్నది, చూసిపోదువు రా' అని మాత్రమే అన్నాడు. బస్సులో అరటిపండ్లు కొనిపెట్టాడు. ఇంటి ముందు నిప్పుకుండ చూసినప్పుడుగాని మూర్తికి తెలియలేదు. దారి పొడుగునా తనకు తండ్రి ఉన్నాడు. ఆ నాలుగు గంటలు చిన్నాయన తనకు దానమిచ్చాడని మూర్తి నమ్మకం.

"ముందుగాల అన్నం పెట్టు. చెప్పినంక ముద్ద దిగదు," అన్నాడు సుమతితో.

"రావద్దన్నరు గద?"

"మర్యాదకు అంటరు. అంత దూరం నుంచి ఏం వస్తడులే అని. తోడబుట్టినోణ్ణి నిజంగ ఎవరన్న వద్దంటరా?"

ఇరజ్ వచ్చాడు, పెరుగన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక, తమ్ముడికి దెబ్బ తగిలిందట, ఆసుపత్రిలో ఉన్నాడట అన్నాడు మూర్తి. మిగతాది కాసేపాగి మెల్లగా చెబుదామనుకున్నాడు.

"మామయ్య నన్ను రమ్మన్నాడా, వద్దన్నాడా?"

"ఏమీ అనలేదు. లైన్ కట్ అయింది."

ఇరజ్ మెట్లెక్కి వెళ్లాడు. సాయంత్రానికి టికెట్ సంపాదించి, చిన్న బ్యాగుతో దిగాడు. నా రక్తం, వాడి రక్తం ఒకటే గ్రూపు అన్నాడు.

విమానాశ్రయానికి మూర్తే డ్రైవ్ చేశాడు. పాలో ఆల్టో దాటాక చెబుదామనుకున్నాడు. రెడ్‌వుడ్ సిటీ దాటాక చెబుదామనుకున్నాడు. పక్కన ఇరజ్, తమ్ముడు చిన్నప్పుడు బట్టల తాన్ల వెనక దాక్కుని నిద్రపోతే ఊరంతా వెతికిన సంగతి చెబుతున్నాడు, నవ్వుతున్నాడు. ఆ నవ్వును తుంచడానికి మూర్తికి చేతులు రాలేదు. ఇంటికి చేరాక సొంతవాళ్ల మధ్య ఏడుస్తాడులే అనుకున్నాడు. గేటు దగ్గర భుజం తట్టి పంపాడు.

ఇరజ్ ఇంటికి చేరలేదు. టెహ్రాన్ విమానాశ్రయంలో దిగినవాణ్ణి దిగినట్టే పట్టుకుపోయారు.

ఏప్రిల్‌లో ఇరజ్ మిత్రురాలు ఒకమ్మాయి, ఇరజ్ మేనమామ రాసిన ఉత్తరం పట్టుకుని వచ్చింది. ఆ ఇండియన్ పెద్దమనిషికి అన్నీ చెప్పాను కదా, అయినా ఎందుకు పంపారు అని అందులో ఉంది. ఆమె చదివి వినిపించి, మడిచి, ఎందుకని తనూ అడిగింది.

"మాలో అట్ల చెప్పరమ్మా," అన్నాడు మూర్తి.

"అతను బతికున్నవాడి కోసం వెళ్లాడు," అంది. సుమతి ఇచ్చిన మంచినీళ్లు ముట్టుకోకుండా వెళ్లిపోయింది.

ఆ తరువాత ప్రతి నలభై రోజులకూ కొత్త ఊరు, కొత్త శవాలు. ఆగస్టులో సినిమా హాలు తగలబడింది, సెప్టెంబరులో కూడలిలో గుంపును కాల్చారు, చమురు కార్మికులు పని ఆపారు. జనవరిలో షా దేశం విడిచి విమానమెక్కాడు. విడుదలైన ఖైదీల పేర్లు తెలుసుకోవడానికి మూర్తి విద్యార్థుల చుట్టూ తిరిగాడు. ఇరజ్ పేరు ఏ జాబితాలోనూ లేదు. కొత్త ప్రభువులు వచ్చాక ఈసారి చంపినవాళ్ల జాబితాలు మొదలయ్యాయి. షా పోయాడని వీధుల్లో మిఠాయి పంచిన ఆ విద్యార్థులే వాటిలో తమవాళ్ల పేర్లు వెతుక్కున్నారు.

టెహ్రాన్ రాయబార కార్యాలయంలో అమెరికన్లను బంధించిన రోజుల్లో ఫ్యాక్టరీ పార్కింగ్‌లో ఒకడు మూర్తిని ఇరానీ కుక్కా అని తిట్టి, కారు అద్దం పగలగొట్టాడు. నువ్వు ఇండియన్‌వని ఎందుకు చెప్పలేదని సుమతి మొత్తుకుంది. ఆయన కారు సీటులోని గాజుముక్కలు ఏరాడు.

1984లో, ఫ్రీమాంట్‌లో ఉండే గోపాల్ అనే తెలుగు మిత్రుడి అన్నయ్య కరీంనగర్‌లో పోయినట్టు కబురొచ్చింది. గోపాల్‌కు ఇంకా తెలియదు. తెలుగువాళ్లు నలుగురైదుగురు అతనింట్లో చేరారు. హార్ట్ అటాక్, ఐసీయూలో ఉన్నాడని చెబుదామని, ముందు ఏదైనా తినిపిద్దామని వాళ్లలో ఒకడైన భాస్కర్ వంటింట్లో అందరికీ నేర్పాడు. గోపాల్ ఉప్మా పళ్లెం చేతికి తీసుకున్నాడు. మూర్తి లేచాడు.

"గోపాల్, మీ అన్న చచ్చిపోయిండు. పొద్దుగాలనే. ఉన్నడనుకుని పోకు."

పళ్లెం కింద పడింది. "నువ్వు మనిషివేనా?" అన్నాడు భాస్కర్. "ఒక్క ముద్దన్నా తిననియ్యకపోతివి." గోపాల్ భార్య రేణు తలుపు తీసి పట్టుకుని నిలబడింది. అంకుల్, మీరు వెళ్లండి అంది.

తిరుగుదారిలో కార్లో సుమతి అడిగింది. "పది నిమిషాలు ఆగితే ఏం పోయేది?"

"ఆనాడు గూడ పది నిమిషాలే అనుకున్న," అన్నాడాయన.

గోపాల్ మళ్లీ మూర్తి ఇంటి గడప తొక్కలేదు. నాలుగేళ్లకు మూర్తి పోయినప్పుడు కూడా రాలేదు.