తేనెటీగ వేసిన సాళ్లు

ఇంగ్లీషులో 'ఈ' అక్షరం జంటగా వచ్చే చిన్న పదం ఏది చూసినా నాకు పచ్చి వేరుశనగ పప్పు వాసన గుర్తొస్తుంది. ఆ పదాల్లో ఒకటి తీసి మా అత్తకు పేరు పెట్టిన ఘనత నాదే. ముందే ఒప్పేసుకుంటే నాకూ కాస్త తేలికగా ఉంటుంది.

ఉరవకొండకు బస్సులో అరగంట దూరంలో ఉంటుంది మా ఊరు. అనంతపురంలో డిగ్రీ చదివి ఆ ఇంటికి చిన్న కోడలిగా వెళ్లాను. పెద్ద కోడలిని అక్కా అని పిలుస్తాను. అక్క ఎప్పుడో పదో తరగతిలో ఇంగ్లీషు తప్పి, పెళ్లి, పిల్లలు, పొలం పనుల్లో పడి ఆ సంగతే మరిచిపోయింది. ఇంతలో మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ రిటైరవుతుందని తెలిసింది. పది పాసైతే ఆ పని అక్కకు దొరికేలా ఉంది. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది. ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టి అన్నీ గట్టెక్కింది, ఇంగ్లీషు మాత్రం మళ్లీ తప్పింది. ఇక మిగిలింది సప్లిమెంటరీ ఒక్కటే.

పొద్దున నేర్పిన పదాలు సాయంత్రానికి అక్క తలలో నుంచి దిగిపోయేవి. అప్పుడే విత్తనం వేరుశనగ కాయలు ఒలిచే రోజులు వచ్చాయి. మిషనుకు వేస్తే పప్పు దెబ్బతిని సరిగా మొలవదని మా ఇంట్లో ఇప్పటికీ చేత్తోనే ఒలుస్తాం. వసారాలో కాయలు రాశి పోసుకుని అత్త, అక్క, నేను కూర్చునేవాళ్లం. చేతులకు పనే గానీ నోళ్లు ఖాళీ. అందుకని ఒక ఆట పెట్టాను. గుప్పెడు కాయలు ఒలిచేలోపు జంట 'ఈ' ఉన్న పదం ఒకటి, దాని అర్థం చెప్పాలి.

సీడ్ అంటే విత్తనం, చేతిలోనే ఉంది. వీడ్ అంటే కలుపు, నెల తిరిగితే చేతికొస్తుంది. డీప్ అంటే లోతు, అది మా ఊరి బోర్లను అడిగితే చెబుతాయి. నీమ్ అంటే వేప, వాకిట్లోనే ఉంది. చూపించడానికి వస్తువు దొరికితే చాలు, అక్క మరిచిపోయేది కాదు.

అక్కడితో ఆగి ఉంటే నేను మంచి టీచరునే. కానీ నాకు కుదురు తక్కువ. వస్తువులు అయిపోయాయి కదా అని మనుషుల మీద పడ్డాను. మధ్యాహ్నం అరుగెక్కితే పొద్దు వాలేదాకా లేవని మా మామకు స్లీప్ అని పేరు పెట్టాను. తల్లి ఎటు తోలితే అటు వెళ్లే నా మొగుడు షీప్. ఇక మా అత్త? ఎక్కడ తప్పు జరిగినా ముందు ఆమె వచ్చి వాలుతుంది, మాటతో ఒక్క పోటు పొడుస్తుంది, వెళ్లిపోతుంది. బీ అన్నాను, తేనెటీగ. అక్క నవ్వు ఆపుకోలేక చేటలో పప్పు కింద పోసింది.

"ఏమ్మే, ఏమి అంత నవ్వుతాండారు?" అని అత్త అడిగింది.

"పరీక్ష చదువు అత్తా," అన్నాను.

"మా కాలంలో చదువుకుంటే ఏడుపొచ్చేది," అని ఆమె మళ్లీ కాయల్లో పడింది. అత్తకు వేలిముద్రే గానీ సంతకం రాదు. ఆ ధైర్యంతోనే ఆమె ఎదురుగానే వారం రోజులు తేనెటీగ కబుర్లు చెప్పుకున్నాం.

ఇంగ్లీషు పరీక్షకు ముందు రోజు సాయంత్రం వాన కురిసింది. మృగశిర కార్తెలో మంచి పదును, విత్తనానికి సరిపడా తడి. మా వైపు పదును తప్పిందంటే మళ్లీ వాన ఎప్పుడో ఎవరికీ తెలియదు. పక్కింటివాళ్ల ఎద్దులు మాకు ఆ పరీక్ష రోజు ఒక్కదానికే దొరికాయి. విత్తే గొర్రు వెంట నడుస్తూ దాని మీది గిన్నెలాంటి జడ్డిగంలో విత్తనం సమంగా వదిలే చెయ్యి మా ఇంట్లో అక్కది. నేనూ ఒకసారి వేశాను. ఒకచోట కుప్ప, ఒకచోట బయలు. సీడ్ అంటే ఏమిటో చెప్పడం వచ్చు గానీ, వెయ్యడం రాదు నాకు.

"పరీక్ష మల్లా వస్తాది. పదును రాదు. పెద్దామె చేనుకు రావల్ల," అని మామ తేల్చేశాడు.

అక్క హాల్ టికెట్ మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. నా మీద నాకే కోపం కూడా వచ్చింది. ఆట నాది, గడువు ఆమెది.

తెల్లారి అక్క విత్తనం గంప ఎత్తుకోబోతుంటే అత్త చీర ఎగ్గట్టి ఎదురొచ్చింది. "ఇట్ల తే. నువ్వు బస్సుకు పో."

"నీ మోకాళ్లతో సాలు తిరుగుతావా?" అని మామ అరిచాడు.

"నేను తిరుగుతా. నీకు కష్టమైతే పోయి అరుగు మింద పండుకో, స్లీపూ!"

ఎద్దులు తప్ప అందరం కొయ్యబారిపోయాం. అత్త నావైపు తిరిగింది. "ఏమి చూస్తాండావు? ఈ బీకి యాడ కుట్టల్లనో తెలుసు. ఆ డబ్బా కింద కాగితం తీసిచ్చి ఆ పిల్లను బస్సెక్కించు, పో."

మొలకలు వచ్చాక మా చేను చూడాలి! ఒక సాలులో గుంపులు, ఒక సాలులో బోడి నేల. దారిన పోయేవాళ్లు ఆగి, "ఏమప్పా, ఎవరు వేసిండేది ఇత్తనం?" అని అడిగితే, మామ నోరు తెరవకముందే అత్త గట్టున నిలబడి, "నేనే. ఏమి?" అనేది.

అక్క అత్తెసరు మార్కులతో పాసైంది. ఫోనులో ఫలితం చూసిన రోజు తను నేరుగా చేనుకు వెళ్లి, బోడి నేలలో ఒక్కొక్క గింజే నాటుతూ కూర్చుంది. అత్త, నేను కూడా చెరో పక్క కూర్చున్నాం. పేరు సంగతి ఎలా తెలిసిందని అత్తను అడిగాను.

"పరీక్ష చదువైతే పుస్తకం తట్టు చూసి నవ్వల్ల. మీరు నా తట్టు చూసి నవ్వుతాంటిరి," అంది. "అర్థాలు మీరే చెప్పుకుంటాంటిరి గదా, నాకూ చెవులుండాయి."

"కోపం రాలేదా అత్తా?"

"పేరుకు కోపమెందుకు వస్తాది? ముగ్గురం కూచొని ఒలుస్తాంటిమి. ఆటలో నాకు మాత్రం వంతు ఇయ్యకపోతిరి."

అక్క నా వైపు చూడలేదు. నేను తల వంచుకుని ఇంకో గింజ నాటాను.