ఆయన వచ్చేలోగా

మా ఆయన పటాలంతో సరిహద్దుకు వెళ్లిన ఏడాది అది. చిత్తూరు బస్సులో పసిదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, పక్కనున్న పెద్దామె మాట కలిపింది. ఆయన మిలిట్రీ అని చెప్పగానే అందరూ "ఎప్పుడొస్తాడు?" అనేవాళ్లు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర ఉండేది కాదు. ఈమె మాత్రం, "వచ్చేలోగా నువ్వేం నేర్సుకుంటాండావు మా?" అంది.

నేను పసిదాన్ని సర్దుకుని ఆమె వైపు తిరిగాను.

"మా ఆయనా మిలిట్రీనే. ఆయన లేనప్పుడు బాయిలో ఈత నేర్సినా. సెలవుకొచ్చి నన్ను నీళ్లలో సూసి, మునిగిపోతాండానని దూకేసినాడు. ఆయనకు ఈత రాదు! పట్టుకునేదానికి జుట్టన్నా లేదు, మిలిట్రీ క్రాపు! చెవి పట్టుకుని గట్టుకు లాగినా."

ఎన్ని నెలలకో పగలబడి నవ్వాను. ఆ నవ్వులోనే, "ఇంట్లో ఆయన స్కూటరు ఊరికే పడుంది. అది నేర్చుకుంటా," అనేశాను.

"కండక్టరబ్బా, ఈ పాప స్కూటరు తోల్తాదంట! ఇంక బస్సు ఓరగా పోనీయండి!"

మరుసటి సెలవుకు ఆయన తిరుపతి స్టేషన్లో దిగి, బయట తన స్కూటరు చూసి, "ఎవరు తెచ్చినారు?" అని చుట్టూ వెతికాడు. నేను కిక్కు కొట్టి, "ఎక్కండి" అన్నాను. ఇల్లు చేరేదాకా, సరిహద్దు కాచే ఆ మనిషి నా భుజం వదల్లేదు.