కట్టడం, కూల్చడం నేర్పిన మేడం

మా జువాలజీ మేడం పోయారని ఆదివారం పొద్దున్న ఆవిడ భర్త ఫోన్ చేసి చెప్పారు. "మీ మేడం ఎల్లిపోయారమ్మా. నిద్దట్లోనే. రేపు మా ఊరు కోటబొమ్మాళిలో సమాధి. వస్తావా?" అన్నారు. హైదరాబాద్‌లో లేబొరేటరీకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నదాన్ని, గడప మీదే కూర్చుండిపోయాను.

రాజాంలో జూనియర్ కాలేజీ చదివిన మా అందరికీ ఆవిడ గొంతు గుర్తే. "అర్థమైందా?" అని ఎప్పుడూ అడిగేవారు కాదు. "ఏటి అర్థమైందో నువ్వు సెప్పు" అనేవారు. తప్పు చెబితే దాన్నే బోర్డు మీద రాసి, ఎక్కడ తప్పామో మా చేతే వెతికించేవారు. టిఫిన్ బాక్సు తెరిచే ముందు గోళ్ళలో ఇరుక్కున్న సుద్దపొడిని అగ్గిపుల్లతో తీసుకుని, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకునేవారు. వాళ్ళది బాప్టిస్టు కుటుంబం. సైన్సుకీ ప్రార్థనకీ ఎలా కుదురుతుందని ఎవరో అడిగితే, "రెండిటికీ నోరు మూసుకుని వినడం రావాల" అన్నారు.

ఒకరోజు కణం గురించి చెబుతూ అన్నారు: "కణం ప్రోటీన్లు కట్టుకోడమే గాదు, పని అయిపోయినవాటికి గుర్తెట్టి ముక్కలు సేసేస్తాది. తాటాకింటికి పాత కమ్మ తియ్యకుండా కొత్త కమ్మ ఎక్కిస్తే ఏటవుతాది? కురుస్తాది." ఆ మాటే నన్ను పరిశోధన దాకా లాక్కొచ్చింది. మెదడు కణుతుల్లో ఈ కూల్చే పని ఎలా దారి తప్పుతుందన్నదే ఇప్పుడు నేను చూస్తున్న విషయం.

అదే రకం కణితి ఆవిడకీ వచ్చింది. బోర్డు మీద గీతలు ఒక పక్కకి జారిపోతున్నాయని మొదట పిల్లలే గమనించారు. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి తీయగలిగినంత తీశారు. రేడియేషన్ అయ్యాక కీమో మాత్రలు రాశారు. నేను రాజాం వెళ్ళేసరికి తలకి నూలు రుమాలు కట్టుకుని, రిపోర్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"ఒసే, నీ పని ఇదే గదేటి? నాకు సెప్పు. మెత్తగా సెప్పకు."

చెప్పాను. పెరుగుదలకి పగ్గం వేసే ప్రోటీన్లు కొన్ని ఉంటాయి, కణితి వాటిని ముందే కూల్చేసి తన దారి చూసుకుంటుంది. మాత్ర వెళ్ళి కణితి డీఎన్ఏని గాయపరుస్తుంది. ఆ గాయాన్ని మాన్పే ప్రోటీను ఇంకొకటి ఉంది. అది ఒక గాయం మాన్పి, తన పని తీరిపోయి, తానూ ముక్కలైపోతుంది. కానీ దాన్ని ఎడతెగకుండా తయారుచేసుకునే కణితి మీద మందు అంతగా పారదు. ఆవిడది ఆ రకమే.

"అంటే మందు గాయం సేస్తాది, ఇది కుట్లేసుకుంటాది" అన్నారు మేడం, ఎవరో పిల్లవాడి జవాబు సరిచూస్తున్నట్టు.

"మరి ఆ కూల్సడమే ఆపేసే మందు లేదా?" అని ఆవిడ భర్త అడిగారు. ఒక రక్త క్యాన్సరుకి ఉందనీ, అది మెదడులోకి సరిగా చేరదనీ, చేరగల మందులు ఇంకా పరీక్షల్లోనే ఉన్నాయనీ చెప్పాను. మంచి కణాలకి కూడా ఆ కూల్చే పని కావాలి కదా అన్నాను.

"ఇన్నేల్లు సదివింది అదే గదమ్మా. మీ మేడంకి పనికొచ్చింది ఏదీ లేదా?"

మేడం ఆయన చెయ్యి పట్టుకున్నారు. "ఆ పిల్లని అలాగ అడక్కండి. దాసకుండా సెప్పింది, సాలు."

కొన్ని నెలలకి తీసిన స్కానులో కణితి మళ్ళీ పెరిగింది. మాత్రలు కొనసాగించవచ్చు, ఆపనూ వచ్చు, లాభం కొంచెమే అన్నారు డాక్టర్లు. ఆవిడ భర్త కొనసాగించాలన్నారు. మేడం ఆపేద్దామన్నారు. "ఈ వాంతుల్తో నిలబడలేకపోతన్నాను. ఒక్క క్లాసు సెప్పుకోనివ్వండి." ఆయన నాలుగు రోజులు ఆవిడతో మాట్లాడలేదు. తరవాత తనే ఆటో పిలిచి కాలేజీకి తీసుకొచ్చారు.

ఆ క్లాసు వినడానికి నేనూ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాను. కణం బొమ్మ గీశారు. చెబుతూ చెబుతూ ఆగిపోయారు. "కణం... ఆ... కడతాది, కూల్సేస్తాది..." మాట దొరకలేదు. ముందు బెంచీలో అమ్మాయి మెల్లగా "ప్రోటీను, మేడం" అంది. "ఆఁ, అదే. నా దగ్గిర్నించి పారిపోతన్నాది. మీరు పట్టుకోండి" అని నవ్వారు. పిల్లలు నవ్వి, వెంటనే తలలు దించుకున్నారు. ఆవిడ మాత్రం పాఠం చివరిదాకా చెప్పారు. మాట ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు అందించారు.

సోమవారం కోటబొమ్మాళి సమాధుల తోటలో వాన. పాస్టరు ప్రార్థన ముగించగానే జనం చెట్ల కిందకి వెళ్ళారు. మేడం భర్త నన్ను ఆపి, "మాత్రలు ఆపకపోతే ఇంకొన్నాల్లు ఉండేదేటమ్మా?" అని అడిగారు.

"తెలీదు సార్" అన్నాను. అది నిజమే. ఆ నిజం ఆయనకి ఏ మేలూ చెయ్యలేదు.

రండి సార్, తడిసిపోతున్నారు అని పిలిచాను. ఆయన రాలేదు. గొడుగు విప్పి, కొత్త మట్టి మీద తలవైపుకి పట్టుకుని నిలబడ్డారు.

"తల తడిస్తే ఆవిడకి నొప్పొస్తాదమ్మా" అన్నారు.

వాన నీళ్ళు ఆయన చొక్కా మీదుగా కారుతున్నాయి. గొడుగు కింద అంత మేరా మట్టి మీద చినుకు పడటం లేదు.